చుట్టకు ఘాటే గుణమా?

పొగాకును గూర్చి మన దేశమున వినబడు మాటలు రెండు విధములు. ఒకటి దూషణము, రెండవది చాటుమాటు సేవనము. దూషించుట వైద్యుని ధర్మము. చాటున సేవించుట వ్యసనపరుని దౌర్బల్యము. ఈ రెంటి నడుమ మూడవ మార్గ మొకటి గలదు. అది వస్తువు నెరిగి, దాని గుణదోషములను నిష్పక్షపాతముగ నిర్ణయించుట. మామిడిపండును గూర్చియు, నేతిని గూర్చియు, కాఫీని గూర్చియు మనవారు గంటలకొలది తర్కింతురు. పండు ఏ తోటది, ఆవకాయ ఎన్ని నెలలది, గింజ ఏ కొండది యని యడుగక విడువరు. చుట్ట విషయమున మాత్రము ప్రశ్న ఒక్కటియే: ఘాటుగ నున్నదా? ఘాటైనచో మేలైనది, కానిచో చప్పనిది. చెన్నపట్టణమున చదువుకొన్న న్యాయవాదులును, వైద్యులును, ఇంజనీయర్లును దీనికి తోడుగ మరియొక ప్రశ్న నేర్చిరి: హవానాయేనా? నడుమునకు బంగారు కాగితపు పట్టీ యున్నచో తల యూపుదురు, లేనిచో ముఖము చిట్లింతురు. ఈ రెండును రుచి నెరిగినవాని ప్రశ్నలు గావని మా యభిప్రాయము.

మంచి చుట్ట యనగా ఘాటైన చుట్ట కాదు, దూరదేశపు చుట్టయు గాదు. సమతూకము గల చుట్ట మంచి చుట్ట. ఈ మాటను విప్పి చెప్పవలసి యున్నది. మనము ఘాటు అని యొక్క పేరు పెట్టి పిలుచు దానియందు మూడు వేరువేరు సంగతులు గలసియున్నవి. మొదటిది బలము, అనగా నికోటిను వలన తలకును గుండెకును తగులు దెబ్బ. రెండవది నిండుదనము, అనగా పొగ నోట నిలుచునప్పుడు తోచు బరువు. పలుచని మజ్జిగకును మీగడపెరుగునకును గల భేద మెట్టిదో ఇదియు నట్టిది. మూడవది రుచి. నాలుకకు స్వయముగ తెలియునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు మొదలగు కొన్నియే. తక్కినవి యన్నియు ముక్కు తెలుపునవి. జలుబు చేసిననాడు గుత్తివంకాయ కూరయు చప్పనగుటకు కారణ మిదియే. చుట్టయందలి దేవదారు వాసన, వేయించిన కాఫీగింజ వాసన, మిరియపు చురుకు, కొత్త తోలు వాసన, వాన పడిన మట్టి వాసన, వేరుసెనగ కమ్మదనము, ఇవి యెల్ల ముక్కు చేసిన నిర్ణయములు.

బలము మిక్కుటమై రుచి లేని చుట్ట యుండవచ్చును. రుచి నిండుగ నుండి బలము స్వల్పముగ నున్న చుట్టయు నుండవచ్చును. ఈ మూడింటిలో ఏ యొక్కటియు తక్కిన రెంటిని మ్రింగివేయక నిలుచుటయే సమతూకము. మన యింటి యుపమానముతో చెప్పవలెనన్నచో ఆవకాయను తలంచుకొనుడు. కారము మాత్రమే తెలిసిన ఆవకాయను ఎవరును మెచ్చరు. కారము వెనుక ఆవఘాటు, దాని వెనుక పులుపు, వీని నన్నింటిని పట్టియుంచు నూనె, అడుగున ఉప్పు, ఒకదాని తరువాత నొకటి తెలియవలెను. కాఫీ సంగతియు నంతే. చికోరీ కలిపి నల్లగ చిక్కగ దించిన డికాషను బలమైనదని భ్రమపడువారు గలరు గాని, నల్లదనము వేరు, కాఫీ వేరు.

ఈ సమతూకము దైవవశమున వచ్చునది కాదు. అది మూడు చోట్ల మనుష్యుల చేతులలో పుట్టుచున్నది: చేనియందు, మండెయందు, చుట్టువాని బల్లమీద. దీనిని చక్కగ గ్రహించినవారు క్యూబావారు. ఆ ద్వీపమున పశ్చిమభాగమున పినార్ దెల్ రియో మండలములో వుయెల్టా అబాహో యను ప్రదేశము గలదు. హవానా చుట్టలకు ప్రసిద్ధి తెచ్చిన ఆకు ముఖ్యముగ నచటిది. ఒకే మొక్క ఆకులను అచటివారు ఎత్తును బట్టి విడదీయుదురు. అడుగు ఆకును వోలాదో యందురు. అది మెత్తనిది, బాగుగ మండునది. నడిమి ఆకు సెకో. పరిమళము దానిది. పైఆకు లిహెరో. ఎండను ఎక్కువగ పొందుటచే అది దళసరియై, జిడ్డు పట్టి, బలము నిండి, మెల్లగ కాలును. చుట్టువాడు ఈ లిహెరోను నట్టనడుమ నుంచి, దాని చుట్టును తక్కిన రెంటిని అమర్చును. లోనాకు కూర్పు అది. దానిని పట్టియుంచుటకు మరియొక ఆకును, అన్నిటిపైన గుడ్డపందిరి నీడను పెంచిన పలుచని నునుపైన ఆకును చుట్టును. నడుమ నుండవలసిన ఆకు ప్రక్కకు జరిగినచో చుట్ట ఒకవైపున కాలి మరియొకవైపున నిలిచిపోవును. ఆకు బిగువుగ కూరినచో పొగ రాదు, వదులుగ నున్నచో వేడెక్కి చేదగును. కావున సమతూకము మొదట ఒక కార్మికుని వ్రేళ్లయందలి జ్ఞానము, తరువాతనే ధనవంతుని నోటియందలి సుఖము.

చుట్టుటకు ముందు ఆకు మగ్గవలెను. ఎండిన ఆకును మండె వేసినచో లోపల తనంతట తానే వేడి పుట్టును. ఆ వేడిచే ఆకునందలి అమోనియా వెడలిపోవును, పచ్చితనమును చేదును తగ్గును. వేడి మితిమీరకుండ మండెను విప్పి, లోపలిది వెలుపలికిని వెలుపలిది లోపలికిని తిరుగవేయుదురు. మూడవనాడు ఆవకాయను తిరుగ కలుపు గృహిణికి ఈ పని యొక్క మర్మము వేరుగ చెప్పవలసిన పని లేదు. మేలైన ఆకునకు ఈ కర్మము ఒకమారుతో ముగియదు. తరువాత మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు నిలువయుంతురు. ఇచట మనవారు గమనింపవలసిన సంగతి యొకటి గలదు. కంఠమును పట్టుకొని కన్నీరు తెప్పించు మంటను మనము ఘాటని మెచ్చుకొందుము. తరచుగ నది ఆకు బలము కాదు. మగ్గని ఆకునందు మిగిలిపోయిన అమోనియా. అనగా మనము గుణమని పొగడునది పెక్కుమారులు పని పూర్తిగానట్టి దోషమే.

ఇక అనుభవించు విధము. చుట్ట యుంచు పెట్టెయందు గాలిలోని తేమ నూటికి 65 మొదలు 70 పాళ్లు ఉండుట మేలు. అంతకు మించినచో బూజు పట్టును, తగ్గినచో పెళుసై పొట్టు రాలును. వానకాలమున సముద్రపు తేమయు, వేసవిని వడగాలియు నెరిగిన చెన్నపట్టణ వాసులకు ఈ కష్టము తెలియనిది కాదు. కొనను కొద్దిగ మాత్రమే కోయవలెను. కిరసనాయిలు కంపు తగిలించు మంటతో గాక, అగ్గిపుల్ల మొనమందు మండిపోయిన పిమ్మట పుల్లమంటతో, మెల్లగ త్రిప్పుచు అంటింపవలెను. నిమిషమున కొకమారు పీల్చిన చాలును. పొగను నోట నిలిపి విడిచిపెట్టవలెను గాని రొమ్మునకు దింపరాదు. త్వరపడినవానికి మిగులునది వేడియు చేదును మాత్రమే. మంచి చుట్ట ఒక్క తీరుగ నుండదు. మొదటి భాగమున తేలికగ నుండి, నడుమ నిండి, తుదకు పొగనుండి దిగిన జిడ్డును తేమయు చేరుటచే బలమగును. ఈ మార్పు క్రమముగ జరిగినచో సమతూకము నిలిచినట్లు. తుదిభాగము కటువైనప్పుడు దానిని పారవేయుట లోభత్వ మెరుగని రసికుని లక్షణము.

బూడిద తెల్లగ నున్నచో చుట్ట మేలైనదని యొక నమ్మకము గలదు. ఇది సగము నిజము. బూడిద రంగు నేలయందలి ఖనిజములను బట్టి యుండును. ఉప్పు నిండిన నేలలో, ఉప్పునీట పెరిగిన ఆకునందు క్లోరైడులు చేరి, నిప్పు నిలువక ఆరిపోవుట మాత్రము పరీక్షకు నిలిచిన సత్యము. చుట్ట సరిగ మండుచున్నదా యని చూచువాడు నిజమునకు అది పుట్టిన నేలను చూచుచున్నాడు.

నేల మాట వచ్చినది గనుక మన నేలను తలంపక తప్పదు. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలై సాగి, గౌతమి యానామును దాటి సముద్రమున గలియును. ఈ పాయల నడుమను, వానికి ఎగువను నది పేర్చిన ఒండ్రుదిబ్బలు మన లంకలు. వరద తీసిన పిమ్మట మిగిలిన మెత్తని ఒండ్రును, దానియందలి తేమయు పొగాకునకు ఆధారము. అచట పండిన ఆకు లంకాకు. దాని ప్రసిద్ధి మన యూరి హద్దులు దాటి పోయినది. 1886లో ప్రకటితమైన హాబ్సన్ జాబ్సన్ యను ఆంగ్లేయ భారతీయ నిఘంటువు ఈ లంకచుట్టను చెన్నరాజధానియందు మిక్కిలి ఆదరమందిన బలమైన చుట్టగ పేర్కొని, లంక యను తెలుగుమాటయే దాని పేరునకు మూలమని వివరించినది. కోనన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్సు 1887లో వెలువడిన మొదటి కథయందు తిరుచిరాపల్లి చుట్ట బూడిదను గుర్తుపట్టును. 1890 నాటి రెండవ కథయందు లంకచుట్టయు ప్రస్తావింపబడినది. చెరూటు అను ఆంగ్లపదము దక్షిణదేశపు భాషలలో చుట్టుట యను అర్థముగల మాటనుండి పుట్టినది. మన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమందు గిరీశము చుట్ట మహిమపై ఉపన్యసింపకుండ శిష్యుని విడువడు గదా! నదినడిమి యిసుకదిబ్బపై పెరిగిన ఆకు లండను కథలలోనికిని తెలుగు నాటకములోనికిని ఎక్కినది.

అట్టి ఆకును మనమేమి చేసితిమి? క్యూబావారు చేసిన దానితో పోల్చి చూచిన తెలియును. వారు ఏ మండలపు ఆకు, ఏ సంవత్సరపు పంట, ఏ కార్ఖానా చుట్టుడు అనునది పేరుతో నిలిపిరి. చుట్టువానిని కేవలము కూలివానిగ జూడలేదు. 1865లో హవానాయందలి ఎల్ ఫిగారో కార్ఖానాలో కార్మికులు పని చేయుచుండగ ఒకడు కూర్చుండి పత్రికలను, పుస్తకములను బిగ్గరగ చదువు నాచారము మొదలైనది. చదువువానికి కూలి కార్మికులే కూడబెట్టి యిచ్చుచుండిరి. 1935లో పుట్టిన మోంటెక్రిస్టో యను చుట్ట పేరు అట్లు చదువబడిన డ్యూమా నవలనుండి వచ్చినదని ప్రసిద్ధి. వినుచు చుట్టినవారు తమ చుట్టకు కథానాయకుని పేరు తెచ్చిరి.

మన లంకాకునకు అట్టి భాగ్యము కలుగలేదు. 1920 తరువాతి దశాబ్దమున గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు వేళ్లూనెను. సిగరెట్టు లోకము నాక్రమించినది. ఇందొక రసాయన మర్మము గలదు. చుట్టపొగ క్షారగుణము గలది. రొమ్మునకు దింపకయే దాని నికోటిను నోటిలోని పొరలగుండ రక్తమున చేరును. బ్యారనులలో వేడి పట్టించి ఆర్చిన వర్జీనియా ఆకునందు చక్కెరపాలు ఎక్కువ. దాని పొగ ఆమ్లగుణము గలది. లోనికి పీల్చిననే గాని పని చేయదు. అందుచే సిగరెట్టు రుచికై నిలుచునది కాదు, పీల్చి పారవేయునది. గంట కూర్చుండి యనుభవించు వస్తువు పోయి, అయిదు నిమిషముల యలవాటు వచ్చినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయమును, 1948లో దిండిగల్లు సీమయందలి వేడసందూరున చుట్టపొగాకునకు ప్రత్యేకముగ నొక పరిశోధనా స్థానమును వెలసినవి. శాస్త్రము మనకు లేకపోలేదు. లేనిది రుచిని గూర్చిన విచారణ. కొనువాడు ఘాటు మాత్రమే యడిగినచో రైతు మొక్క తల త్రుంచి బలము పెంచును గాని మండెకు కాలమీయడు. ఈయవలసిన పని యేమున్నది? మగ్గిన ఆకునకును మగ్గని ఆకునకును ఒక్క వెలయే కట్టు అంగడిలో ఓర్పునకు కూలి దొరకదు. లంకాకు పేరు నిఘంటువున నిలిచినంతగ అంగడిలో నిలువకపోవుటకు నేలది తప్పు కాదు, మన నాలుకది తప్పు.

లంకాకు బలమైనదని నిఘంటుకారులును చెప్పిరి. బలము దోషము కాదు. క్యూబావాని లిహెరోయు బలమైనదే. దానిని ఒంటరిగ నుంచక, మెత్తని ఆకుతోను పరిమళపుటాకుతోను కాపురము చేయించుట వాని నేర్పు. కొన్ని యేండ్లు మగ్గబెట్టి, నడుమ నుంచి, తగిన తోడు కూర్చి చుట్టిన లంకాకు ఏ రుచి నిచ్చునో చెప్పగల నాలుకలు మనలో నెన్ని గలవు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ హవానా పట్టీని జూచి మురియుట విమర్శ యనిపించుకొనదు. పైగ నకిలీ హవానాలు లోకమున విస్తారముగ నున్నవి. పట్టీని జూచి కొనువాడు మోసపోవును, ఆకును జూచి కొనువాడు అంత సులభముగ మోసపోడు.

ఇచట ఒక న్యాయమైన ఆక్షేపణ గలదు. పొగాకు విషమని శాస్త్రము ఘోషించుచుండగ దాని రుచిని పొగడుట తగునా యని వైద్యమిత్రు లడుగుదురు. తగునా తగదా యనుటకు ముందు నిజమును దాచక చెప్పవలెను. రొమ్మునకు దింపకపోయినను చుట్ట నిరపాయము కాదు. నోటికి, కంఠమునకు, అన్నవాహికకు, ఊపిరితిత్తులకు అది క్యాన్సరు తెచ్చునని నిర్ధారితమైనది. పెద్ద చుట్ట యొకదానియందు ఒక సిగరెట్టు పెట్టెకు సరిపడు పొగాకు ఉండవచ్చును. ఖరీదైన చుట్ట యైనంత మాత్రమున ఈ లెక్క మారదు. ఈ నిజమును చెప్పని చుట్టప్రశంస వంచన యగును.

అయినను మా వాదము దీనితో చెడదు, బలపడును. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలయందును, గంజాము ప్రాంతమునను పేద స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు నాచారము చిరకాలముగ గలదు. దానిని అడ్డపొగ యందురు. దానివలన అంగిలి కాలి క్యాన్సరు వచ్చుట గత శతాబ్దపు మధ్యభాగము మొదలు వైద్యులు పరిశోధించి నిరూపించిరి. ఆలోచింపుడు. నిప్పు నోటనున్నవారికి రుచి యెక్కడిది? వారికి దక్కునది వేడియు నికోటినును మాత్రమే. ఘాటే గుణమను సిద్ధాంతమును తుదివరకు నడిపినచో చేరు గమ్య మది. రుచియు వ్యసనమును మిత్రులు కావు, విరోధులు. వ్యసనమునకు ఏ ఆకైనను సరియే, ఎంత యైనను చాలదు. రుచి నెరిగినవానికి ఏదో యొక్కటి కావలెను, అదియు అరుదుగ కావలెను. దినమునకు పది కాల్చువాడు చుట్ట నెరుగడు. నాలుక మొద్దుబారిన పిమ్మట తెలియుట కేమున్నది? కాల్చనివారు కాల్చకుండుటయే మేలని మేమును చెప్పుదుము. కాల్చితీరుదు మనువారు నెలకొకటియో, పండుగ కొకటియో, ఎరిగి కాల్చి, తక్కిన దినములను ఊపిరితిత్తులకు విడిచిపెట్టుడని మా మనవి. 2003 నాటి శాసనమును, 2008 అక్టోబరు 2వ తేది మొదలు అమలుకు వచ్చిన నిబంధనలును బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను నిషేధించినవి. అది శాసనము కాకున్నను మర్యాద కావలసినదే. మన పరిమళము పొరుగువానికి కంపు.

కర్తవ్య మేమి? మొదటిది, పట్టీ తీసివేసి, ఏ దేశపుదో తెలియకుండ చుట్టను పరీక్షించు నలవాటు రసికులు చేసికొనవలెను. రెండవది, నేలకు పేరు పెట్టుట. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద 2004లో డార్జిలింగు తేయాకు మొట్టమొదట గుర్తింపు పొందినది. 2017లో మన బంగినపల్లి మామిడికి అట్టి గౌరవము దక్కినది. లంకాకు ఆ పంక్తిని కూర్చుండదగనిది కాదు. పొగాకు ప్రకటనలను చట్టము నిషేధించినది, అది న్యాయము. కాని పేరు వేరు, ప్రకటన వేరు. పేరు రైతు హక్కు. మూడవది, చుట్టువాని కూలి. తక్కువగ అమ్ముడుపోయినను మంచి వెలకు అమ్ముడుపోవు చుట్ట, వేలకొలది చవుకచుట్టలకంటె వానికిని, మన యారోగ్యమునకును మేలు చేయును.

లంకలు శాశ్వతములు గావు. 1986 ఆగస్టునాటి మహావరద వంటివి వచ్చినప్పుడు గోదావరి ఒక చోట కోసి మరియొక చోట పేర్చును. అరటియు కూరగాయలును నేడు అచట పచ్చగ నున్నవి, రైతు కడుపు నిండుచున్నచో దానికి విచారింప పని లేదు. చుట్టలు తగ్గుటకును మేము విచారింపము. ఆకును చేత పట్టి చూచి, ఇది మగ్గినది, ఇది మగ్గలేదు అని చెప్పగలిగిన జ్ఞానము ఆకుతోపాటు నశించునేమో యన్నదే మా విచారము. అంతరించిన లంకను నది మరల కట్టగలదు. అంతరించిన రుచిని ఏ నదియు కట్టజాలదు.